మచ్చ ఉన్న సాక్షి

1916 జూలైలో లండన్‌లో ఒక ఉరిశిక్ష ఖైదీ గురించి రెండు రకాల కాగితాలు చేతులు మారాయి. ఒకటి, ఆయన్ని ప్రాణాలతో వదలమంటూ ఆర్థర్ కోనన్ డాయల్ పూనుకుని ప్రముఖుల చేత సంతకాలు చేయించిన విన్నపం. రెండోది, పోలీసుల చేతికి చిక్కిన ఆ ఖైదీ సొంత డైరీల పేజీలు. స్కాట్లండ్ యార్డ్ అధికారి బాసిల్ థామ్సన్, నౌకాదళ గూఢచారి విభాగం అధిపతి రెజినాల్డ్ హాల్ వాటిని పత్రికల వాళ్ళకు, పార్లమెంటు సభ్యులకు, చివరికి అమెరికా రాయబారి వాల్టర్ పేజ్‌కు కూడా అందేలా చూశారు. ఖైదీ మీద మోపిన నేరం రాజద్రోహం. డైరీల్లో ఉన్నవి దానికి సంబంధించిన సంగతులు కావు, మగవాళ్ళతో ఆయనకున్న శారీరక సంబంధాల వివరాలు. ఆ ఖైదీ పేరు రోజర్ కేస్‌మెంట్. కాంగోలోనూ అమెజాన్ అడవిలోనూ రబ్బరు కోసం సాగిన మారణకాండను బయటపెట్టినందుకు ఐదేళ్ళ ముందు ఇదే ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. డైరీలు 1903, 1910, 1911 సంవత్సరాలవి. ఆ బిరుదు తెచ్చిన ప్రయాణాలు జరిగింది కూడా ఆ ఏళ్ళలోనే. చూసినవాళ్ళలో కొందరు ఖైదీ తరఫున మాట్లాడటం మానేశారు. అక్కడ లేచిన ప్రశ్న ఆ ఉరితో తీరిపోలేదు. సొంత బతుకులో మచ్చ ఉన్నవాడు పరుల బాధ గురించి చెప్పే సాక్ష్యం చెల్లుతుందా? చెల్లుతుందని నా నమ్మకం. మనసు మెత్తబడి చెబుతున్న మాట కాదిది. సాక్ష్యం అంటే ఏమిటో ఆలోచిస్తూ పోతే మరో జవాబు దొరకదు.

కేస్‌మెంట్ 1864లో డబ్లిన్ దగ్గర శాండీకోవ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు చిన్నతనంలోనే పోయారు. లివర్‌పూల్‌లో ఓడల కంపెనీ గుమాస్తాగా మొదలై, ఇరవై ఏళ్ళ వయసుకే కాంగో చేరి, తర్వాత బ్రిటిష్ కాన్సల్ అయ్యాడు. అప్పటి కాంగో బెల్జియం దేశానిది కూడా కాదు, రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి. అక్కడి దారుణాల మీద 1903 మేలో బ్రిటిష్ పార్లమెంటు తీర్మానం చేయగానే కేస్‌మెంట్ ఎగువ కాంగోకు బయలుదేరాడు. ప్రభుత్వ పడవ ఎక్కితే ప్రభుత్వం చూపించిందే చూడాలి కాబట్టి అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ వాళ్ళ ఆవిరి పడవను అద్దెకు తీసుకున్నాడు. బొలోబో అనే నదీతీరపు ఊరు ఆయనకు 1887 నుంచే తెలుసు. అప్పట్లో దాదాపు 40,000 మంది ఉండేవారని, ఇప్పుడు ఏడెనిమిది వేలకు మించి లేరని రాశాడు. రాసి ఊరుకోలేదు. జనం తగ్గడానికి నిద్రజబ్బు కూడా ఒక కారణమని, అయితే అదొక్కటే కాదని అక్కడే చేర్చాడు. తన ఆరోపణకు బలం తగ్గించే వాస్తవాన్ని తన చేత్తోనే రాసుకున్న ఈ వాక్యం నాకు ఆ నివేదిక మొత్తంలో చాలా విలువైనదిగా తోస్తుంది. మిగతాదంతా కూడా అదే పద్ధతి. ఫలానా ఊరు, ఎంత రబ్బరు అడిగారు, తక్కువైతే ఏం చేశారు, భర్తలు అడవి నుంచి రబ్బరు తెచ్చేదాకా ఆడవాళ్ళను ఎక్కడ కట్టడి చేశారు, కాపలావాడు ఎవరు. కోపం ఉంది, కానీ అది వివరాల ఎంపికలో ఉంది, విశేషణాల్లో లేదు.

నమ్మదగిన వక్త ఎవరన్న ప్రశ్న మన తర్కశాస్త్రంలో బాగా పాతది. ఆప్తుడి మాటను ప్రమాణంగా ఒప్పుకున్న న్యాయదర్శనం ఆప్తుడెవరో తేల్చక తప్పదు కదా. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు రెండే షరతులు పెట్టాడు. విషయాన్ని తాను నేరుగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే తెలియజెప్పాలన్న కోరిక ఉండాలి. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం సమానమేనని కూడా స్పష్టం చేశాడు. ఆనాటి సమాజం శుచి లేనివాడిగా పక్కనపెట్టిన మ్లేచ్ఛుడిని ప్రమాణం దగ్గర ఋషి సరసన నిలబెట్టడం చిన్న సంగతి కాదు. తెలుగువాడిగా పండితులు చెప్పుకునే అన్నంభట్టు కూడా తర్కసంగ్రహంలో ఇదే దారి పట్టాడు. యథార్థం చెప్పడమే ఆయన చూసిన లక్షణం, వక్త నియమనిష్ఠల ఊసు లేదు. మరోవైపు చరకసంహిత ఉంది. అక్కడ ఆప్తులంటే రజస్తమోగుణాలను విడిచి, తపస్సుతో జ్ఞానబలం సంపాదించిన మహనీయులు. వీటిలో ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అనుకోనక్కరలేదు. చరకుడు అక్కడ మాట్లాడుతున్నది కంటికి కనిపించని వాటి గురించి, పునర్జన్మ వంటి వాటి గురించి. వినేవాడు వెళ్ళి సరిచూసుకునే వీలు లేనిచోట చెప్పేవాడి శీలం తప్ప వేరే పూచీ ఏముంటుంది? బొలోబోలో ఎంతమంది మిగిలారన్నది అలాంటి విషయం కాదు. పడవ ఎక్కి వెళ్ళి లెక్కపెట్టుకోవచ్చు. పరలోకం గురించి చెప్పేవాడికి వర్తించే కొలతను నరలోకపు సాక్షికి వర్తింపజేయడమే 1916లో జరిగిన పొరపాటు.

కేస్‌మెంట్ రెండో నివేదిక ఈ మాటను ఇంకా గట్టిగా రుజువు చేస్తుంది. పుటుమాయో నది పరీవాహకంలో హుయిటోటో, బోరా, అండోకే, ఒకైనా తెగల చేత రబ్బరు తీయించే పెరూవియన్ అమెజాన్ కంపెనీ లండన్‌లో రిజిస్టర్ అయినది. యజమాని పెరూ వ్యాపారి హూలియో సెసార్ అరానా. అమెరికన్ ఇంజనీరు వాల్టర్ హార్డెన్‌బర్గ్ చెప్పిన సంగతులను 1909లో లండన్ పత్రిక ట్రూత్ అచ్చువేశాక గొడవ రేగింది. పరాయి దేశపు అడవిలోకి బ్రిటన్ తన కాన్సల్‌ను పంపడానికి దొరికిన సాకు ఒక్కటే, అక్కడ పనిచేస్తున్న బార్బడోస్ నల్లజాతివాళ్ళు బ్రిటిష్ ప్రజలు కావడం. 1910 సెప్టెంబరులో లా చోరెరా చేరిన కేస్‌మెంట్ వాళ్ళలో 30 మందిని విచారించాడు. వాళ్ళెవరు? కొరడా పట్టిన చేతులు వాళ్ళవే. పైవాడి ఆజ్ఞ మీద ఆదివాసుల వీపులు చీల్చినవాళ్ళు, అడవిలోకి పారిపోయినవాళ్ళను వేటాడి తెచ్చినవాళ్ళు. కొందరు మొదట అబద్ధమాడి, తర్వాత నోరు విప్పారు. చేతులు శుభ్రంగా ఉన్నవాడే మాట్లాడాలని అక్కడ పట్టుబట్టి ఉంటే మాట్లాడేవాడే దొరకడు. నేరం చేసినవాళ్ళు, నేరానికి గురైనవాళ్ళు తప్ప ఆ అడవిలో మూడో మనిషి లేడు. కేస్‌మెంట్ ఈ సాక్షులను పవిత్రులని నమ్మించడానికి ప్రయత్నించలేదు. వాళ్ళ మాటను కంపెనీ ప్రతినిధి హువాన్ తిసోన్ ఎదుటే మళ్ళీ చెప్పించాడు. అది విన్న తిసోన్ కాదనలేకపోయాడు. సాక్షులు చెప్పిన దెబ్బల గుర్తులు పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా ఒంటి మీద ఉన్నాయో లేదో కేస్‌మెంట్ కళ్ళారా చూశాడు. కాళ్ళు దూర్చి బిగించే బొండకొయ్యల దగ్గరికి వెళ్ళి, వాటి రంధ్రాలు ఎంత ఇరుకో పరీక్షించాడు. పని పూర్తయ్యాక ఆ సాక్షులను కంపెనీ చేతిలో వదిలేయకుండా తనతోపాటు తీసుకుపోయాడు.

ధర్మశాస్త్రానికి ఈ ఇబ్బంది తెలియకపోలేదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం సాక్షులుగా పనికిరానివాళ్ళ జాబితా ఒకటి ఇస్తుంది. దోషులు, రోగులు, స్వార్థం ఉన్నవాళ్ళు, దాసులు అందులో ఉన్నారు. ఆనాటి వర్ణ, లింగ వివక్ష అంతా ఆ జాబితాలో ఉందనేదీ నిజమే. అయితే ఆ వెంటనే సడలింపు వస్తుంది. ఇంటి లోపల గానీ అడవిలో గానీ జరిగినదానికి, ప్రాణం పోయినచోట, సంగతి స్వయంగా ఎరిగినవాడు ఎవడైనా సాక్షే. అలాంటివాడు దొరక్కపోతే స్త్రీ, బాలుడు, వృద్ధుడు, దాసుడు కూడా పనికొస్తారు. దౌర్జన్యం జరిగినచోట సాక్షుల అర్హతను అతిగా విచారించవద్దని కూడా ఉంది. శుచిత్వం మీద అంత పట్టింపు ఉన్న గ్రంథం కూడా అడవి దగ్గరికి, హింస దగ్గరికి వచ్చేసరికి మెట్టు దిగింది. దిగక తప్పదు, ఎందుకంటే హింస చేసేవాడు మంచి సాక్షులున్న చోటు చూసుకుని చేయడు. మన దేశంలో బ్రిటిష్ వాళ్ళే తెచ్చిన 1872 నాటి సాక్ష్య చట్టం 133వ సెక్షన్ కూడా నేరంలో భాగస్వామి చెప్పే సాక్ష్యం చెల్లుతుందంది. కాకపోతే మరో ఆధారంతో సరిపోల్చుకోమని అదే చట్టం ఇంకోచోట హెచ్చరించింది. అప్రూవర్ అనే మాట మన పేపర్లలో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. అప్రూవర్ మంచివాడని ఎవరం అనుకోం, చెప్పింది నిజమా అని మాత్రం చూస్తాం.

శీలం అసలు లెక్కలోకే రాదా, మోసగాడి మాటకూ మర్యాదస్తుడి మాటకూ తేడా లేదా అని అడగవచ్చు. ఉంది. అయితే చూడాల్సింది ఆ విషయానికి తగిలే దోషాన్ని. అబద్ధమాడే అలవాటు సాక్ష్యానికి తగులుతుంది, ఆ వ్యవహారంలో లాభం ఉండటం తగులుతుంది. ఎవరిని కోరుకున్నాడన్నది బొలోబో జనాభాకు తగలదు. ఇంతకన్నా పదునైన ఆక్షేపణ కాంగో ప్రభుత్వమే తెచ్చింది. ఎపోండో అనే కుర్రవాడి చెయ్యి కాపలావాడు నరికాడని కేస్‌మెంట్ రాశాడు. తర్వాత జరిగిన ప్రభుత్వ విచారణలో ఆ కుర్రవాడు మాట మార్చి, అడవిపంది కొరికిందన్నాడు. సాక్షి మోసపోయాడు కాబట్టి నివేదికంతా కట్టుకథే అని లియోపోల్డ్ మనుషులు ప్రచారం చేశారు. చెయ్యి పోగొట్టుకున్న కుర్రవాడు కాన్సల్ వెళ్ళిపోయాక ఎవరి చేతుల్లో ఉన్నాడో మరిచిపోలేం. అయినా వాళ్ళ మాటే నిజమనుకుందాం. అప్పుడు కొట్టుకుపోయేది ఒక కేసు. రబ్బరు పన్ను, కాపలావాళ్ళు, బందీలైన ఆడవాళ్ళు, ఖాళీ అయిన ఊళ్ళు కొట్టుకుపోవు. లియోపోల్డ్ తానే నియమించక తప్పని విచారణ సంఘంలో బెల్జియం, ఇటలీ, స్విట్జర్లండ్‌లకు చెందిన ముగ్గురు న్యాయకోవిదులు ఉన్నారు. 1905లో వెలువడిన వాళ్ళ నివేదిక ఆ పద్ధతి సాగుతున్న మాట నిజమేనంది. 1908లో కాంగో రాజు చేయి జారి బెల్జియం ప్రభుత్వం కిందికి వెళ్ళింది. కేస్‌మెంట్ సాక్ష్యం నిలబడింది ఆయన తప్పు చేయలేనివాడు కాబట్టి కాదు. తప్పుంటే పట్టుకోవడానికి వీలుగా రాశాడు కాబట్టి నిలబడింది.

డైరీల దగ్గరికి వద్దాం. అవి ప్రభుత్వం పుట్టించిన దొంగపత్రాలని ఐర్లండ్‌లో దశాబ్దాల పాటు వాదించారు, ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. 2002లో జరిగిన చేతిరాత పరీక్షలో అవి ఆయనవేనని తేలింది, చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకునేదీ అదే. దొంగపత్రాలని పట్టుబట్టిన అభిమానుల ప్రేమను నేను తక్కువ చేయను. కానీ వాళ్ళ వాదానికీ థామ్సన్, హాల్ పన్నిన ఎత్తుకూ పునాది ఒకటే. డైరీలు నిజమైతే మనిషి పడిపోతాడని ఇద్దరూ ఒప్పుకున్నారు, పడిపోవాలని ఒకరు, పడకూడదని ఒకరు కోరుకున్నారంతే. ఆ పునాదే తప్పు. మగవాడు మగవాణ్ణి కోరుకోవడం నేరమన్న చట్టం అప్పట్లో ఉంది. మన సుప్రీంకోర్టు 2018లో అలాంటి చట్టాన్ని పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాల నుంచి తొలగించింది. ఇంతటితో సరిపెట్టుకుంటే నిజాయితీ అనిపించుకోదు. కాన్సల్ హోదాలో ఉన్న తెల్లవాడు, పేద యువకులు, మధ్యలో డబ్బు అనే లెక్క ఆ పేజీల్లో ఉంది, అది ఈనాటి మనసును కూడా కలవరపెట్టాలి. ఆ యువకులకు జరిగింది అన్యాయమైతే దాన్ని వేరే సాక్ష్యంతో వేరుగా విచారించాలి. అంతేగానీ దానికి పరిహారం హుయిటోటోల దగ్గర వసూలు చేయడం ఏ ధర్మం?

మతం కూడా ఈ పరీక్షకు లోనైంది. కేస్‌మెంట్ ప్రొటెస్టెంటుగా పెరిగాడు, జైల్లో కాథలిక్ సంఘంలో చేరాలనుకున్నాడు. బహిరంగ జీవితంలో గానీ వ్యక్తిగత జీవితంలో గానీ తన వల్ల కలిగిన అపచారానికి పశ్చాత్తాపం ప్రకటిస్తూ సంతకం చేయమని కార్డినల్ బోర్న్ షరతు పెట్టాడు. కేస్‌మెంట్ ఒప్పుకోలేదు. అయితే కాథలిక్ అయిన తల్లి ఆయనకు చిన్నప్పుడే, వేల్స్‌లోని రిల్ పట్టణంలో గుట్టుగా బాప్తిస్మం ఇప్పించిన సంగతి బయటపడింది. అప్పటికే సంఘంలో ఉన్నవాణ్ణి కొత్తగా చేర్చుకునే పని లేదు, సయోధ్య చాలు. ఆగస్టు 3 ఉదయం ఉరికి ముందు ఆయన మొదటిసారి ప్రభు సంస్కారం అందుకున్నాడు. ఈ ఘటనలో నన్ను ఆలోచనలో పడేసేది మరొకటి. నాలుగో శతాబ్దపు ఉత్తర ఆఫ్రికాలో డొనాటిస్టులు అనే వర్గం ఉండేది. హింసకు భయపడి పవిత్ర గ్రంథాలను అధికారులకు అప్పగించిన గురువులు ఇచ్చే సంస్కారాలు చెల్లవని వాళ్ళ పట్టు. ఇచ్చేది క్రీస్తు, గురువు చెయ్యి మాత్రమే చాస్తాడు, ఆ చెయ్యి మలినమైనా వరం మలినం కాదని అగస్టీన్ వాళ్ళకు జవాబిచ్చాడు. సంఘం ఆ జవాబునే తన సిద్ధాంతంగా నిలుపుకుంది. సాక్ష్యం సంస్కారం వంటిదని నేను అనను. సంస్కారానికి దేవుడు పూచీ, సాక్ష్యానికి మరో సాక్ష్యం పూచీ. అయినా ఇచ్చే చేతినీ అందిన వస్తువునూ విడదీసి చూడటం నేర్చిన సంఘానికి, ఆ ఖైదీ దగ్గర సంతకం అడగవలసిన అవసరం ఏముందో నాకు అర్థం కాదు.

నా వాదానికి నిజంగా గట్టి దెబ్బ డైరీల్లో లేదు, 1915లో కేస్‌మెంట్ అచ్చువేయించిన రాతల్లో ఉంది. 1913లో ఉద్యోగం వదిలి ఐర్లండ్ స్వేచ్ఛ కోసం కలం పట్టిన ఆయన, యుద్ధం మొదలయ్యాక బెర్లిన్ చేరి అక్కడి ఇంగ్లిషు పత్రిక కాంటినెంటల్ టైమ్స్‌కు వ్యాసాలు రాశాడు. బెల్జియంలో జర్మన్ సైన్యం పౌరులను చంపిందని చెప్పిన బ్రైస్ నివేదికను అందులో తూర్పారబట్టాడు. ఆయన పట్టిన తప్పుల్లో కొన్ని నిజమైనవే. బ్రైస్ సంఘం సాక్షులకు ప్రమాణం లేదు, పేర్లు లేవు, కొన్ని కథలకు ఆధారమూ లేదు. కానీ 1914లో జర్మన్ సైన్యం బెల్జియం, ఫ్రాన్స్‌లలో 6,000 మందికి పైగా పౌరులను చంపిందన్నది నిలిచిన చరిత్ర. కాంగోలో ఊరూరూ తిరిగినవాడు బెల్జియంలో బాధితులను అలా కూర్చోబెట్టి అడగలేదు. పైగా బెల్జియం పడుతున్న బాధ కాంగో పాపానికి ఫలితమేమో అన్న ఊహ ఆయన రాతల్లోనే ఉంది. ద్వేషం అంత దగ్గరగా వచ్చాక యథార్థం చెప్పాలన్న కోరిక పక్కకు జరుగుతుంది. దీన్ని దాచి ఆయన్ని కాపాడటం నాకిష్టం లేదు. వాత్స్యాయనుడి షరతులు ఇక్కడే బాగా పనికొస్తాయి. ఆప్తత్వం బిరుదులా ఒకసారి ఇచ్చేస్తే జీవితాంతం ఉండేది కాదు. విషయం విషయానికీ మళ్ళీ సంపాదించుకోవాలి. 1903 బొలోబో దగ్గర కేస్‌మెంట్ ఆప్తుడు, 1915 బెల్జియం దగ్గర కాడు. మచ్చ ఉన్నవాడి సాక్ష్యాన్ని కొట్టివేయకూడదన్న సూత్రమే, మహనీయుడి సాక్ష్యాన్ని గుడ్డిగా నమ్మకూడదని కూడా చెబుతుంది.

బ్రైస్ సాక్షులకు పేర్లు లేవని కేస్‌మెంట్ పట్టిన తప్పు ఒకప్పుడు ఆయన సొంత నివేదికకే జరిగిన అన్యాయం. 1904 ఫిబ్రవరిలో కాంగో నివేదికను అచ్చువేస్తూ విదేశాంగ శాఖ మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు తీసేసి వాటి స్థానంలో అక్షరాలు పెట్టింది. ఎపోండో కూడా రెండక్షరాలుగా మారిపోయాడు. కేస్‌మెంట్ మండిపడ్డాడు, ఆ కోపం న్యాయమైనది. పేరూ ఊరూ లేని బాధితుణ్ణి ఎవరూ వెళ్ళి కలవలేరు, చెప్పింది నిజమో కాదో సరిచూడలేరు. అప్పుడు పాఠకుడికి మిగిలేది చెప్పినవాడి పరువు ఒక్కటే, అంటే చరకుడి షరతు. బాధితులను అనామకులుగా ఉంచినచోటల్లా సాక్షి మహాత్ముడై తీరాలన్న పట్టు పుట్టుకొస్తుంది, ఆ మహాత్ముణ్ణి పడగొడితే బాధితులు కూడా పడిపోతారన్న ఆశ దాని వెంటే వస్తుంది. 1912లో అచ్చయిన పుటుమాయో నివేదికలో బార్బడోస్ వాళ్ళ వాంగ్మూలాలు పేర్లతో సహా ఉన్నాయి. అందుకే 1916 తర్వాత కూడా అందులో ఒక్క వాక్యం మార్చవలసిన పని పడలేదు. దానికి ఉన్న లోటు వేరు. హుయిటోటోలు తమ నోట చెప్పుకున్నది అందులో చాలా తక్కువ, కొట్టినవాళ్ళ నోటి మీదుగానే వాళ్ళ బాధ లండన్ చేరింది. ఆ లోటు తీర్చే పని ఇప్పుడు వాళ్ళ మనవలు, మునిమనవలు చేస్తున్నారు. లా చోరెరాలో అరానా కంపెనీ నడిచిన భవనం ఈనాడు ఆదివాసీ పిల్లల బడి. 2012 అక్టోబరులో కొలంబియా అధ్యక్షుడు హువాన్ మాన్వెల్ సాంతోస్ ఆ తెగలను క్షమాపణ అడిగాడు, అందుకు లండన్ డైరీల సంగతి తేలవలసిన అవసరం ఎవరికీ రాలేదు.